మంచినీళ్లు, మరుగుదొడ్ల పనికి ఏ జిల్లాను ఎంచుకోవాలి?

ప్రశ్న – వలసపక్షి

అందరికీ నమస్కారం. మేం ఒకే కాలేజీలో చదువుకున్న బ్యాచ్. సగం మంది హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నారు, మిగతావాళ్లు అమెరికాలో. వచ్చే మూడేళ్లలో 40 లక్షలు పోగుచేసి పల్లెల్లో తాగునీరు, మరుగుదొడ్ల పని ఒకటి గట్టిగా చేయాలని అనుకున్నాం. డబ్బు దగ్గర ఏ పేచీ లేదు. ఎక్కడ చేయాలన్న దగ్గరే ఆగిపోయాం, ఎందుకంటే ఎవరి జిల్లా వాళ్లకు ముద్దు. ఆ గొడవ తేలక ఎక్సెల్ షీట్ ఒకటి తయారుచేశాం. ఇంటింటి కుళాయి శాతం, మరుగుదొడ్డి ఉన్న ఇళ్లు, ఎస్సీ ఎస్టీ జనాభా, వర్షపాతం, ఫ్లోరైడ్, ఇలా ఒక్కోదానికి మార్కులు వేస్తే అల్లూరి, ఉమ్మడి ప్రకాశం, శ్రీకాకుళం, అనంతపురం, నల్గొండ పైకి వచ్చాయి.

అయినా దానిమీద నమ్మకం కుదరడం లేదు. 2018లో నీతి ఆయోగ్ వెనకబడినవని ఎంచి ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల జాబితా ఉంది కదా, మళ్లీ మనం లెక్కలేయడం ఎందుకని ఒక ఫ్రెండ్ అంటాడు. అందులో ఆంధ్ర నుంచి విజయనగరం, విశాఖపట్నం, కడప ఉన్నాయి గానీ ప్రకాశం, శ్రీకాకుళం లేవు. తెలంగాణలో ప్రతి ఇంటికీ కుళాయి ఇచ్చేసినట్టే లెక్క, మరి నల్గొండను తీసేయాలా? ఈ పని చేసినవాళ్లు, ఆ ఊళ్లలో ఉంటున్నవాళ్లు చెప్పండి. ఒక్క జిల్లా పేరు చెప్పినా చాలు, ఎందుకన్నది మాత్రం రాయండి.

జవాబు – గేట్‌వాల్వు

నేను గ్రామీణ నీటి సరఫరా విభాగంలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీర్‌గా) చేరి రిటైరయిన వాణ్ని. మీ షీట్ గురించి ముందు ఒక మాట. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలను 31 చేసి, తర్వాత 33 చేశారు. మీరు జనాభాను 2011 జనాభా లెక్కల నుంచి తీసుకుంటే అది పాత జిల్లాది, కుళాయి శాతం కొత్త జిల్లాది. రెండూ ఒకే వరుసలో పెట్టి మార్కులేస్తే ఆ మార్కులకు అర్థం ఉండదు. ఆకాంక్షిత జిల్లాల జాబితా సంగతీ అంతే. ఆరోగ్యం, చదువు, రోడ్లు లాంటివన్నీ కలిపి చూసి చేసిన జాబితా అది. తాగునీటి కోసం చేసింది కాదు, కాబట్టి ప్రకాశం అందులో కనబడకపోవడంలో వింతేమీ లేదు.

ఇక కుళాయి శాతం. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించినప్పుడు దేశంలో పల్లెల్లో 17 శాతం ఇళ్లకే కుళాయి ఉండేది, ఇప్పుడు ఆ లెక్క ఎక్కడికో పోయింది, మంచిదే. కానీ ఆ పథకం పెట్టుకున్న షరతు మనిషికి రోజుకు 55 లీటర్లు, ఏడాది పొడవునా, తాగడానికి పనికొచ్చే నీళ్లు అని. ఇంటి ముందు పైపు బిగించడం ఒక్కటే అయితే అది అందులో సగం కూడా కాదు. మీరు ఊరికి వెళ్లినప్పుడు ట్యాంకు పక్క వీధిలో నిలబడి చూడకండి, నేరుగా లైను చివరికి వెళ్లండి. చివర్లో చాలాసార్లు ఎస్సీ కాలనీయో, తర్వాత కట్టుకున్న ఇళ్లో ఉంటాయి. ప్రెషర్ లేక కుళాయి దగ్గర నడుము లోతు గొయ్యి తవ్వుకుని, పైపు తెగ్గోసి, గోతిలోకి దిగి బిందె పట్టుకుంటుంటారు. అలాంటి గొయ్యి ఒక్కటి కనబడితే ఆ ఊరి సంగతి మీకు అర్థమైనట్టే. ఎగువ వీధిలో నాలుగిళ్లవాళ్లు టుల్లు మోటార్లు పెట్టి లాగేస్తున్నారని, కిందకి నీళ్లు చేరడం లేదని దాని అర్థం. సరఫరా ఆగినప్పుడు ఆ గోతిలో నిలిచిన మురికి పైపులోకే వెనక్కి పోతుంది, మర్నాడు అదే నీళ్లు తాగుతారు. ఆ ఊరు రికార్డుల్లో నూరు శాతం కుళాయిలున్న ఊరే.

అందుకే జిల్లా పేరు చెప్పమంటే చెప్పను. ముందు ఏ రకం నీటి కష్టం మీద పని చేస్తారో తేల్చుకోండి. ఫ్లోరైడు, ఉప్పునీరు, వేసవిలో ఎండిపోయే బోరు, కొండమీద ఊట, ఇవి నాలుగూ నాలుగు రకాల పనులు, ఒకదానికి వాడే సామాను, మనుషులు ఇంకోదానికి పనికిరారు. రకం తేలితే జిల్లా దానంతటదే తేలుతుంది. ఆ తర్వాత ఒకే మండలంలో దగ్గరదగ్గరగా ఉన్న ఐదారు ఆవాసాలు పట్టుకోండి. మోటారు కాలిపోతే బైకు మీద అరగంటలో వెళ్లగలిగే ఫిట్టర్ ఒకడుంటే ఆ ఐదారూ నడుస్తాయి. 40 లక్షలను జిల్లాకు ఒక ఊరు చొప్పున పంచితే ఏదీ నిలబడదు.

జవాబు – కనిగిరి టీచరమ్మ

గేట్‌వాల్వు గారు చెప్పిన గొయ్యి మా దగ్గర వీధి వీధికీ ఉంది.

నేను ఉమ్మడి ప్రకాశంలో పశ్చిమాన ప్రభుత్వ స్కూల్లో పనిచేస్తున్నాను. ఈ నేలలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్లలోని ఫ్లోరైడు వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బును, 1937లోనే గుర్తించారు, దేశంలో మొట్టమొదట రాసిపెట్టిన చోట్లలో మా కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతమే ఉంది. అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు, ఆ నీళ్ల కోసం ఇంకా చూస్తూనే ఉన్నాం. ఇక్కడ వానలు తక్కువ, బోరు లోతుకు పోయేకొద్దీ రాతిలోంచి వచ్చే ఫ్లోరైడు పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. మా పిల్లలు నవ్వినప్పుడు ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనబడతాయి. ఆడపిల్లలైతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఇదంతా మీ షీట్‌లో ఒక గడిలో ఒక మార్కు అయిపోతుంది, అందుకే చెబుతున్నాను.

ఇంకొకటి, చాలామంది నీళ్లు కాచి తాగండని సలహా ఇస్తుంటారు. ఫ్లోరైడు కాస్తే పోదు, నీళ్లు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. దయచేసి ఆ మాట ఎవరికీ చెప్పకండి.

దాతలు వచ్చి ఆర్వో ప్లాంటు పెట్టి, రిబ్బన్ కత్తిరించి, ఫోటో తీసుకుని వెళ్లిపోయిన ఊళ్లు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చాల్సి వచ్చేసరికి డబ్బు ఎవరు పెట్టాలన్న మాటే తేలదు, షెడ్డుకు తాళం పడుతుంది. నడిచేవి కూడా ఎవరైనా సొంతంగా తీసుకుని క్యాను ఇంతని అమ్ముకుంటుంటేనే నడుస్తున్నాయి, కూలికి పోయే ఇల్లు ఆ క్యాను కొనలేక వంటకు బోరు నీళ్లే వాడుతుంది. ఫ్లోరైడు వంటలోంచీ వెళుతుంది కదా. కాబట్టి మా వైపు వస్తే ప్లాంటు కట్టడానికి రాకండి. ఆగిపోయిన ప్లాంట్లు ఎందుకు ఆగిపోయాయో కనుక్కుని, వాటిని నడిపే ఏర్పాటుకు డబ్బు పెట్టండి, మీ 40 లక్షలు అప్పుడు నిజంగా ఉపయోగపడతాయి.

మరుగుదొడ్ల గురించి కూడా. స్కూళ్లలో కట్టినవి ఉన్నాయి, కానీ నీళ్లు లేక తాళం వేసి ఉంటాయి. పెద్దపిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా ఉంటారు, మధ్యాహ్నానికి తలనొప్పి అంటారు, నెలసరి రోజుల్లో బడికే రారు. స్కూలు ట్యాంకుకు నీళ్లెక్కకుండా కొత్త మరుగుదొడ్డి మాత్రం కట్టకండి.

వలసపక్షి

టీచరమ్మ గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా వాళ్లలో సగం మంది ఆర్వో ప్లాంటు అనే అనుకుంటున్నారు, ఇది వాళ్లందరికీ పంపించాను. మరుగుదొడ్ల విషయంలో జిల్లాకూ జిల్లాకూ అంత తేడా ఉంటుందా? ఇంటికి ఒకటి కడితే సరిపోతుందని అనుకున్నాం.

జవాబు – దివిసీమ

తేడా ఉంటుంది, నేలను బట్టి. మాది కృష్ణా డెల్టా, సముద్రం వైపు. స్వచ్ఛ భారత్‌లో 12,000 రూపాయలు ఇచ్చి కట్టించినవి రెండు గుంతల మరుగుదొడ్లు. ఒక గుంత నిండితే రెండోదానికి మళ్లిస్తారు, మొదటిది ఏడాదికిపైగా మూసి ఉంచితే లోపలిది ఎరువుగా మారుతుంది, చేత్తో తీయాల్సిన అవసరం రాదు. పద్ధతి చాలా మంచిది. కానీ గుంత అడుగు భూగర్భ జలానికి రెండు మీటర్ల పైన ఉండాలి, మంచినీటి బోరుకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. మా దగ్గర వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీరు. సెంటున్నర స్థలంలో ఇల్లు, గుంత, చేతిపంపు మూడూ ఇరుక్కుని ఉంటాయి. గుంతలోది నేరుగా పంపు నీళ్లలో కలుస్తుంది. ఇలాంటి చోట గుంతను నేలమట్టానికి పైకి లేపి, చుట్టూ ఇసుక మట్టి పోసి కట్టాలి, లేదా నాలుగిళ్లకు కలిపి సెప్టిక్ ట్యాంకు కట్టి దాన్ని మిషన్‌తో ఖాళీ చేయించే ఏర్పాటు చూడాలి. మనిషిని లోపలికి దింపి తీయించడం 2013 చట్టం ప్రకారం నేరం, ఈ మాట అంచనా వేసే రోజే మేస్త్రీకి చెప్పాలి.

మీ షీట్‌లో డెల్టా ఎక్కడా లేదు, కాలవలున్నాయి కాబట్టి నీళ్లకేం కొదవ అనుకున్నట్టున్నారు. కింద నీళ్లు ఉప్పు. తాగడానికి కాలవ నీళ్లను చెరువుల్లో నింపుకుని వడకట్టి వాడాలి. వేసవిలో కాలవ కట్టేశాక ఆ చెరువు అడుగంటుతుంది, పక్కన రొయ్యల చెరువుల నీళ్లు అదే కాలవలోకి వదులుతారు. ఫ్లోరైడంత పేరు మా కష్టానికి రాలేదు గానీ జూన్ వచ్చేసరికి ఇంటింటికీ విరేచనాలే.

జవాబు – గెడ్డ ఒడ్డు

అల్లూరి జిల్లా పాడేరు నుంచి. మా ఏజెన్సీలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అనేది నా మాట. కొండ ఊటను పైనే కట్టి, వడపోత తొట్టి పెట్టి, పైపుతో కిందికి దింపితే కరెంటు అక్కర్లేదు, మోటారు కాలిపోదు. ఊళ్లో పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇద్దరుంటే చాలు.

అయితే ఊటను ఎంచుకునేటప్పుడు డిసెంబరులో వెళ్లి చూసి మురిసిపోవద్దు. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో వెళ్లండి. 20 లీటర్ల బకెట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఇంతే. లెక్క ఇలా: 30 ఇళ్ల గూడెం, ఇంటికి ఐదుగురు, మనిషికి 55 లీటర్లు అంటే రోజుకు 8,250 లీటర్లు కావాలి. బకెట్టు 200 సెకన్లలో నిండితే ఊట నిమిషానికి 6 లీటర్లు ఇస్తోందన్నమాట, రోజంతా కలిపి 8,640. చూస్తే సన్నని ధారే, ఎవరికీ నమ్మకం కలగదు, కానీ రాత్రంతా వచ్చే నీటిని పట్టే ట్యాంకు ఉంటే ఊరంతటికీ సరిపోతుంది. బకెట్టు నిండడానికి ఐదారు నిమిషాలు పడితే మాత్రం ఇంకో ఊట వెతకాలి. పైన పోడు కొట్టారా, చెట్లున్నాయా, పశువులు తొక్కుతున్నాయా అన్నదీ చూడండి, ఊట బతికేది దాని మీదే.

రోడ్డు లేని ఊళ్లకు ఇసుక, సిమెంటు, పైపులు మోసుకెళ్లాలి. ఆ కూలి అంచనాలో వేయనివాళ్లు సగం పనిలో ఆగిపోతారు.

జవాబు – పాలమూరు

గేట్‌వాల్వు గారు చెప్పినదాంట్లో నాకు ఒప్పుకోబుద్ధికానిది ఒకటుంది. ‘నడిపేవాళ్లున్న చోట చేయండి’ అనే మాట అందరూ చెబుతారు. కమిటీ వేసుకున్నారా, జనం వాటా కట్టారా, నెలనెలా నీటి పన్ను కడతారా అని మార్కులేస్తే ఏ ఊరు పైకొస్తుంది? సర్పంచ్ చురుగ్గా ఉన్న ఊరు, రోడ్డు పక్క ఊరు, చదువుకున్నవాళ్లున్న ఊరు. అచ్చంపేట అడవిలో చెంచుల చిన్న గూడేనికి, అంటే పెంటకు, కమిటీ ఎవరు వేస్తారు? మీటింగు పెడితే మాట్లాడేవాళ్లుండరు. ఎండాకాలం సగం మంది వలస పోయి ఉంటారు, మీరు వెళ్లి తలుపు తడితే ముసలివాళ్లే బయటికొస్తారు, ‘ఇక్కడ ఆసక్తి లేదు’ అని రాసుకుని వచ్చేస్తారు. అందరూ ఇట్లనే చేస్తే ఆ ఊళ్లకు ఎప్పటికీ ఎవరూ పోరు.

నల్గొండ గురించి అడిగారు కదా. మర్రిగూడ, మునుగోడు వైపు మిషన్ భగీరథ పథకం నీళ్లు వచ్చినంక మార్పు నిజంగా ఉంది, కాదంటే అన్యాయం. కృష్ణా నీళ్లు తాగి పెరిగే పిల్లలకు ఫ్లోరైడుతో వచ్చే ఎముకల రోగం రాకుండా ఆపొచ్చు. అయినా రుచి అలవాటు కాక, పైపు నీళ్ల మీద నమ్మకం లేక క్యాన్లు కొనే ఇళ్లు బోలెడు, ముదిరిన రోగంతో మంచం మీదున్న పెద్దవాళ్లూ ఉన్నారు. అక్కడ మీరు కొత్త పైపు వేయాల్సిన పని లేదు. నీళ్లు పరీక్ష చేసి ఆ ఫలితం పంచాయతీ గోడ మీద నెలనెలా రాయించే పనికి ఎక్కువ ఖర్చు కాదు, ఎవరూ చేయడం లేదు.

జవాబు – గేట్‌వాల్వు

పాలమూరు గారూ, మీరన్నది నిజం, సర్వీసులో ఉన్నప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టినది కూడా అదే. జల్ జీవన్ నిబంధనల్లోనే దానికి కొంత దారి ఉంది. ఊళ్లో పనుల ఖర్చులో మామూలు చోట్ల జనం వాటా 10 శాతం, కొండ, అటవీ ప్రాంతాల్లోనూ ఎస్సీ ఎస్టీలు సగానికి పైగా ఉన్న ఊళ్లలోనూ 5 శాతం, అది కూడా డబ్బుగానే కాదు, కూలి రూపంలో ఇవ్వొచ్చు. నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాగితం మీద ఉన్న ఈ మాటను నిజం చేయడానికి ఊళ్లో తిరిగే మనిషికి ఏడాది జీతం, తిరుగుడు ఖర్చు ఎవరూ ఇవ్వరు, ట్యాంకుకైతే ఇస్తారు. వలసపక్షి గారి బృందం ఊరు ఎంపికకు ముందే ఒక మనిషిని పెట్టి, కమిటీ లేని చోట కమిటీ తయారయ్యేదాకా ఆగగలిగితే, పెంటలనూ తండాలనూ పక్కన పెట్టాల్సిన పని ఉండదు. ఆ ఓపిక లేకపోతే మాత్రం అలాంటి ఊరికి వెళ్లి ఆశపెట్టకండి. మధ్యలో వదిలేసిన పథకం ఉన్న ఊళ్లో తర్వాత వచ్చేవాళ్లను ఎవరూ నమ్మరు.

నడపడం గురించి ఎందుకింత పట్టుబడతానంటే, అనంతపురంలో 1990ల్లో సత్యసాయి ట్రస్టు 700కి పైగా ఊళ్లకు నీళ్లిచ్చింది, అంత పెద్ద పనిని ఒక ట్రస్టు అంత తొందరగా చేయడం నేను మళ్లీ చూడలేదు. అదైనా ఈ రోజుకీ నడుస్తున్నదంటే వాల్వులు తిప్పే కార్మికుల వల్లే. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి హిరమండలం నుంచి 700 కోట్లతో నీళ్లు తెచ్చారు, 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడ కిడ్నీ జబ్బుకు కారణం నీళ్లేనని ఇప్పటికీ ఎవరూ ఖాయంగా తేల్చలేదు, అయినా మంచి నీళ్లు ఇవ్వడం సరైన పనే. మీ 40 లక్షలు ఆ స్థాయి పథకాల పక్కన పెట్టడానికి సరిపోవు. ఆ పెద్ద పైపు చివర అందని చోట, అదీ నడిపే ఖర్చుకు, బాగా సరిపోతాయి.

జవాబు – లెడ్జరు

ఆడిటర్‌ని, ఒక్క విషయం చెప్పి వెళతాను. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోవాలి, 2020 సవరణ తర్వాత ఆ సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. ఇండియా పాస్‌పోర్టుతో అక్కడ పనిచేస్తున్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మీ బ్యాచ్‌లో ఎవరు ఏ పాస్‌పోర్టో ముందు రాసుకోండి. ఏ జిల్లా అన్నదానికన్నా ఆ జిల్లాలో నమ్మకమైన సంస్థ ఉందా అన్నదే మీ ఎంపికను తేల్చేయవచ్చు.

వలసపక్షి

అందరికీ చాలా థాంక్సండి. షీట్ పక్కన పెట్టేశాం. ఫ్లోరైడు లేదా ఊట, ఈ రెండింట్లో ఒకటి అని మా వాళ్లు ఒప్పుకున్నారు. కనిగిరి వైపు ఆగిపోయిన ప్లాంట్ల జాబితా ముందు రాయిద్దామని ఉంది. మరుగుదొడ్లంటే ముందు స్కూళ్లకు నీళ్లెక్కించడమే. టీచరమ్మ గారూ, మే నెలలో ఇద్దరం వస్తాం. పరీక్ష కిట్టు తెచ్చుకోవాలా, అక్కడ దొరుకుతుందా?

కనిగిరి టీచరమ్మ

తెచ్చుకోండి. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నేర్పించి కిట్లు ఇవ్వాలన్నది పథకంలో ఉంది. ఇచ్చినవి కొన్నిచోట్ల ఉన్నాయి, కానీ రసాయనాల గడువు అయిపోయి ఉంటుంది. ఖాళీ సీసాలు కూడా తేండి, నాలుగు ఊళ్ల నీళ్లు పట్టుకెళ్లి ల్యాబ్‌లో చూపిద్దాం. సెలవులే కాబట్టి నేను తోడు వస్తాను. మధ్యాహ్నం ఎండకు తిరగలేరు, పొద్దున ఆరింటికల్లా కనిగిరి బస్టాండులో ఉండండి, కుళాయి వదిలే టైముకి ఊరి చివర వీధికి చేరుకోవాలి.